నాలుగు మూలలు

గురువారం ఆఖరి ట్రిప్పు ముగించి
ట్రామ్ తాళాలు డిపోలో అప్పజెప్పి
మాంసం కొట్టు మూసేలోగా పరుగెడతాను.
హామ్ కోయగా మిగిలిన కొసలు,
ఏ ముక్కకా ముక్క ఒక్కో సైజు,
సగం ధరకి నాకోసం పక్కన పెట్టి ఉంచుతాడు హ్లవాచెక్.
"ఇవాళ కొవ్వు కాస్త ఎక్కువుంది" అంటాడు
తప్పు తనదైనట్టు.
ఉండనీ. ఉల్లిపాయలు వేగేది దాన్లోనే.

ఓస్త్రవాలో నవంబరు.
ఆరో అంతస్తు కిటికీ అవతల
ఎప్పుడో చల్లారిన ఉక్కు కొలిమి.
ఇవతల నీళ్లు మరుగుతున్నాయి,
చదరపు పాస్తా బిళ్లలు
గుప్పెళ్లకొద్దీ దూకుతున్నాయి.
ఇంకో రెండు నిమిషాలు ఉడకాలనగా దించెయ్యాలి,
మిగతా ఉడుకు ఓవెన్ చూసుకుంటుంది.
ఆశపడి ఆగావా, జావే.

ఈ మాట నాకు చెప్పింది ద్రహోమీరా.
అప్పుడు మా అత్తగారు.
ఇప్పుడేమనాలో మా భాషలో మాట లేదు,
ఉంటే కోర్టువాళ్లకి తెలియాలి.

విడాకులప్పుడు లుబోర్ కారు తీసుకున్నాడు.
నాకు ఫ్లాటూ, పిల్లలూ, కుట్టుమిషనూ.
పెచ్చులూడిన ఈ ఎనామిల్ పళ్లెం సంగతి
ఏ కాగితంలోనూ లేదు.
వాళ్లమ్మ సంగతీ లేదు.
ఆ తర్వాతి గురువారం ఆరున్నరకి
గంట కొట్టిందావిడ,
చంకలో దోసకాయ ఊరగాయ సీసా.
"ఓవెన్ వేడెక్కిందా?" అంది,
బూట్లు విప్పుకుంటూ.

అది మొదలు, తొమ్మిదేళ్లుగా,
పళ్లేనికి కొవ్వు పూసి రొట్టెపొడి చల్లేది ఆవిడ.
గుడ్లు పాలల్లో గిలకొట్టేది నేను.
జాజికాయ గీరేది వోయ్తా, వేలు గీరుకునేదీ వాడే.
ఎండు మరువం అరచేతుల్లో నలిపి
హెడ్వికా ముక్కు కింద పెడితే
అది తుమ్ముతుంది, ప్రతిసారీ,
తుమ్మకపోతే ఏదో మరిచినట్టుంటుంది మాకు.

ఇవాళ మాత్రం ఆవిడ
రొట్టెపొడి చల్లడం మధ్యలో ఆపి,
"ఇవోనా ఫోన్ చేసింది" అంది.
లుబోర్ రెండో భార్య.
"షున్‌కోఫ్లెకీ ఎలా చెయ్యాలని అడిగింది.
నాదగ్గర లేదమ్మా, యిట్కాని అడగాలి అన్నాను."
"మీదే కదా ఆ వంట!"
"నాదే. నీకిచ్చేశాను కదా.
ఇచ్చినదాన్ని మళ్లీ ఎట్లా ఇస్తాను?"

ఓవెన్ చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు.

డ్యూటీ చార్టు వెనక పెన్సిలుతో రాశాను.
కొసలు ఎక్కడ కొనాలో రాశాను.
రెండు నిమిషాల సంగతి రాశాను,
అది దాచడానికి మనసొప్పలేదు.
మరువం రాయలేదు.

కళ్లజోడు ముక్కు మీదికి దించి
ఆసాంతం చదివిందావిడ.
ఒకచోట వేలాగింది.
నా వంక చూడలేదు.
నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుని
"మూలలు మాడతాయి, చూడు" అంది.

మాడవు. ఎర్రబడతాయి,
పళ్లెం గోడకంటుకుని కరకరలాడతాయి.
మేం నలుగురం, మూలలు నాలుగు,
ఎవరి మూల ఎవరిదో అడగక్కర్లేదు.
ఐదుగురం ఉన్నప్పుడూ గొడవ లేదు:
లుబోర్‌కి మధ్యదే ఇష్టం,
పళ్లు లేనివాడి తిండి అని ఏడిపించేవాళ్లం.

ఇప్పుడు మధ్యది మిగిలిపోతుంది.
డబ్బాలో పెట్టుకుపోతాను.
శుక్రవారం, ఆఖరి స్టాపులో,
ట్రామ్ వెనక్కి తిప్పే ముందు ఎనిమిది నిమిషాలు.
అద్దాల మీద మంచు. చల్లటి ముద్ద,
మెత్తగా, మరువం వాసనతో.

బాగానే ఉంటుంది.
అతనికి ఎప్పుడూ చెప్పలేదు.